ఒంగోలు కోర్టులో ఉచిత న్యాయసేవ: మా అమ్మాయి మనోవర్తి కేసులో నేను చూసింది

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా పనిచేసి ఒంగోలు డిపోలో రిటైరయ్యాను. మాది టంగుటూరు దగ్గర పల్లె. హోటళ్ల గురించి, సెల్‌ఫోన్ల గురించి అందరూ సమీక్షలు రాస్తుంటారు. నేను రాస్తున్నది జిల్లా న్యాయసేవాధికార సంస్థ గురించి, అంటే కోర్టు ఆవరణలో ఉండే ఉచిత న్యాయ సహాయం ఆఫీసు గురించి. రెండేళ్లు మా అమ్మాయితో ఆ మెట్లు ఎక్కి దిగాను. కూతురు పుట్టింటికి తిరిగొచ్చిన ఇళ్లలో డబ్బు సంగతి ఎవరూ నోరు విప్పి మాట్లాడరు. మేమూ మాట్లాడలేదు. దానివల్ల ఎంత పోగొట్టుకున్నామో లెక్కతో సహా చెబుతాను.

మా అమ్మాయికి 2016లో పెళ్లి చేశాం. అల్లుడిది కొండపి వైపు. పొగాకు వ్యవసాయం, సొంత బ్యారన్, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, ఉంది. 2018లో మనవడు పుట్టాడు. 2023 జూన్‌లో అమ్మాయి పిల్లాణ్ణి తీసుకుని ఇంటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందన్నది ఆమె విషయం, అది ఇక్కడ రాయను.

వచ్చిన పది రోజులకే పెద్దమనుషులు కూర్చున్నారు. మూడు లక్షలు ఇస్తారు, స్టాంపు పేపరు మీద సంతకాలు చేసుకుంటే ఎవరి దారి వాళ్లది అన్నారు. అందులో ఒక వాక్యం ఉంది: ‘మేమిద్దరం పరస్పరం ఇష్టపడి విడివిడిగా ఉంటున్నాము.’ చదివితే తప్పేమీ కనబడలేదు నాకు. గొడవ లేకుండా తేలిపోతుంది కదా అనిపించి నేను సంతకానికి సిద్ధమయ్యాను. అమ్మాయే ఒప్పుకోలేదు. ‘నాన్నా, నేను ఇష్టపడి రాలేదు గదా, ఇష్టపడి అని ఎట్టా రాస్తాను’ అంది. ఆ ఒక్క మాట ఎంత విలువైనదో నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది.

తర్వాత తెలిసినవాళ్లు చెప్పారని ఒక లాయరు దగ్గరికి వెళ్లాం. పేరు, ఊరు వద్దు. ముప్పై వేలు తీసుకున్నాడు. ‘ముందు విడాకుల నోటీసు ఇస్తాం, భయపడి వాడే కాళ్ల బేరానికి వస్తాడు, ఇరవై లక్షలకు తగ్గేది లేదు’ అన్నాడు. నోటీసు ఒకటి వెళ్లింది. అంతే. జూలై నుంచి జనవరి దాకా ఏడు నెలలు వెళ్లి కూర్చుని రావడమే తప్ప కోర్టులో ఒక్క కాగితం కూడా పడలేదు. మనోవర్తి కోసం, అంటే నెలనెలా పోషణ ఖర్చు కోసం, పిటిషన్ వేయాలని ఆయన చెప్పలేదు, అడగాలని మాకు తెలియదు.

నాతో పనిచేసిన డ్రైవరు ఒకాయన, ఆయన చెల్లెలి కేసు అనుభవంతో 15100 నంబరు చెప్పాడు. అది దేశమంతటా పనిచేసే న్యాయసేవల హెల్ప్‌లైన్. ఫోన్ చేస్తే ఏ జిల్లా అని అడిగి, ఒంగోలు కోర్టులో ఆఫీసుకు వెళ్లమన్నారు. 2024 ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్లాం.

వెళ్లగానే నేను అడిగిన మొదటి మాట ఫీజు ఎంత అని. లేదన్నారు. నాకు పెన్షన్ వస్తుందని, మేము తెల్ల కార్డు వాళ్లం కాదని చెప్పాను, తర్వాత తెలిసి ఆపేస్తారేమోనని. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా చెప్పాడు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేదు. ఆదాయ పరిమితి చూసేది మిగతావాళ్లకు మాత్రమే. మా అమ్మాయి ఆడమనిషి అన్న ఒక్క కారణం చాలు. తండ్రికి ఎంత పెన్షన్ వస్తుందని వాళ్లు అడగను కూడా లేదు. ఆమె చేతే తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయించారు. ఆధార్ జిరాక్సు, పెళ్లి శుభలేఖ, ఒక పెళ్లి ఫోటో, పిల్లాడి పుట్టిన తేదీ సర్టిఫికెట్ పెట్టాం. ఇంతకంటే ఏమీ లేదు.

ముందు అవతలి వాళ్లను పిలిపించి మాట్లాడతామన్నారు. కబురు పంపితే అల్లుడు రాలేదు. అప్పుడు ప్యానెల్ లాయరును, అంటే సంస్థ జాబితాలో ఉన్న లాయరును, కేటాయించారు. నలభై ఏళ్లుంటాయి ఆమెకు. మేము లాయరమ్మ అనే పిలిచేవాళ్లం.

నాకు బాగా గుర్తున్న రోజు ఆ మొదటి రోజే. లాయరమ్మ మా ఇద్దరినీ చూసి, ‘బాబాయ్ గారూ, మీరు కాసేపు బయట కూర్చోండి, అమ్మాయితో ఒక్కదానితో మాట్లాడాలి’ అంది. నాకు చిన్నతనం అనిపించింది. కన్న తండ్రిని, నాకు తెలియనిది ఏముంటుంది అనుకున్నాను. వేపచెట్టు కింద గంట సేపు కూర్చున్నాను. బయటికి వచ్చినప్పుడు అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ముఖం మాత్రం తేలికపడింది. ఏడు నెలలు ఆ మొదటి లాయరు ముందు కూర్చున్నప్పుడు మాట్లాడింది నేనే. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెకు అప్పటికి విడాకులు కావాలో వద్దో కూడా తేలలేదు. కావలసింది పిల్లాడి స్కూలు ఫీజు, ఇంట్లో చేయి చాపకుండా బతికే దారి. అది నాకు ఆ చెట్టు కింద తెలిసింది. విడాకులు లేకుండానే మనోవర్తి అడగొచ్చని కూడా ఆ రోజే తెలిసింది.

మనోవర్తి, భరణం, మెయింటెనెన్స్ అని రకరకాలుగా అంటారు. లాయరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు తమను పోషించుకోలేనప్పుడు నెలనెలా అడిగేది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులో ఇది 144వ సెక్షన్ అయింది. మా కేసు అంతకు ముందే పడింది కాబట్టి మా కాగితాల మీద 125 అనే ఉంది. రూటు నంబరు మారింది, బస్సు అదే. ఇది ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. మా డిపో మిత్రుడు ఒక ముస్లిం సోదరుడు తన కూతురికి వర్తించదనుకున్నాడు. 2024 జూలై 10న సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే విడాకులైన ముస్లిం మహిళ కూడా 125 కింద అడగొచ్చని చెప్పింది. ఆయనకు ఆ సంగతి నేనే చెప్పాను.

రెండోది 1955 హిందూ వివాహ చట్టం. విడాకులో, కాపురానికి రమ్మనో కేసు నడుస్తున్నప్పుడు, ఆ నడిచినన్నాళ్లూ ఖర్చులకు అడిగేది 24వ సెక్షన్. కేసు తేలినప్పుడు శాశ్వతంగా, ఒకేసారిగానో నెలవారీగానో ఇచ్చేది 25వ సెక్షన్. అందరూ భరణం ఇరవై లక్షలు, యాభై లక్షలు అని చెప్పుకునేది ఈ 25 గురించి. ఈ రెండు సెక్షన్ల కింద భర్త కూడా భార్య నుంచి అడగొచ్చు. అది విని నేను ఆశ్చర్యపోయాను. ఇవి కాక 2005 గృహహింస చట్టంలో కూడా డబ్బు అడగొచ్చు, ఉండే ఇంట్లోంచి గెంటేయకుండా ఆర్డరు తెచ్చుకోవచ్చు.

ఇన్ని ఉన్నాయంటే అన్నిటిలోనూ వేసి అన్నిటిలోనూ తీసుకుందాం అనే ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. అది కుదరదు. 2020 నవంబరు 4న రజ్నేష్, నేహా అనే దంపతుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక కోర్టులో ఎంత వస్తుందో రెండో కోర్టుకు చెప్పి తీరాలి, రెండో చోట ఇచ్చేటప్పుడు అది సర్దుబాటు చేస్తారు. ఒకే ప్రయాణానికి రెండు టిక్కెట్లు కొట్టకూడదు, కండక్టరుకు ఇది ఒకరు చెప్పాలా?

అదే తీర్పులో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, మనోవర్తి లెక్క పిటిషన్ వేసిన తేదీ నుంచి మొదలవుతుంది. లాయరమ్మ ఈ మాట చెప్పి, ‘మీరు ఎప్పుడు వేశారు?’ అని అడిగింది. వేయలేదు అన్నాం. ఆమె ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత కోర్టు ఇచ్చిన ఆర్డరు ప్రకారం చూస్తే నెలకు పదకొండు వేలు. ఏడు నెలలకు 77,000. దానికి ముప్పై వేల ఫీజు కలిపితే లక్షా ఏడు వేలు. తెలియకపోవడం వల్ల మా ఇంట్లోంచి పోయింది అది. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే సర్దుకుంటారేమో, పెద్దవాళ్లు మాట్లాడతారేమో అని ఎదురుచూడండి, తప్పులేదు. కానీ ఎదురుచూసిన నెలల డబ్బు మళ్లీ రాదు, ఆ సంగతి తెలిసి ఎదురుచూడండి.

ఇక ఆ స్టాంపు పేపరు. దాని నకలు నా ఫైల్లోనే ఉంది. లాయరమ్మ చదివి, ఇష్టపడి విడిగా ఉంటున్నామన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీసింది. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే భార్యకు 125 కింద మనోవర్తి రాదని చట్టంలోనే ఉందట. పైగా అలాంటి కాగితం విడాకులు కాదు, కోర్టు డిక్రీ ఇస్తేనే విడాకులు. అంటే మా అమ్మాయి మూడు లక్షలు తీసుకుని సంతకం పెట్టి ఉంటే విడాకులూ అయ్యేవి కావు, నెలనెలా అడిగే దారీ మూసుకుపోయేది. ఊళ్లో ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్లు కారు. వాళ్లకూ తెలియదు. పాత కాగితం ఎవరిదో చూసి పేర్లు మార్చి రాశారు.

రెండో సంగతి, అఫిడవిట్. రజ్నేష్, నేహా కేసు తీర్పు వచ్చినప్పటి నుంచి ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ప్రమాణం చేసి కోర్టుకు ఇవ్వాలి. ఈ అఫిడవిట్ నింపడంలో వీళ్లు చేసిన సాయమే నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. నాకు డ్యూటీ రోజుల నుంచి చిన్న నోట్‌బుక్‌లో లెక్క రాసే అలవాటు ఉంది. అమ్మాయి వచ్చినప్పటి నుంచి ఆమెకూ పిల్లాడికీ అయిన ఖర్చు రాసి పెట్టాను. తిరిగి వసూలు చేద్దామని కాదు, చేయి ఆగక. స్కూలు ఫీజు ఏడాదికి 22,000. ఆటో నెలకు 800. పిల్లాడికి ఆయాసం ఉంది, మందులకు నెలకు అటూ ఇటుగా 900. బియ్యం, పాలు, కరెంటు, బట్టలు అన్నీ కలిపి నెలకు 14,300 తేలింది. అద్దె లేదు, మా ఇంట్లోనే ఉంటారు.

అమ్మాయి మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. నెలకు నాలుగున్నర వేలు వస్తాయి. అది రాయొద్దని మొదటి లాయరు చెప్పి ఉన్నాడు, సంపాదన ఉందంటే మనోవర్తి రాదని. లాయరమ్మ రాయమంది. ‘నాలుగు వేలు సంపాదిస్తే బతుకు గడుస్తుందా? ఏ గతీ లేక రోడ్డు మీద పడితేనే ఇవ్వాలని చట్టం అనలేదు. కొంచెం సంపాదించినా అది చాలకపోతే మనోవర్తి వస్తుందని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. దాచిపెట్టి దొరికితే మాత్రం మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు’ అంది. అమ్మాయి నా వైపు చూసింది. రాయమన్నాను. తర్వాత అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట అడిగింది అదే. ముందే రాసి ఉండడంతో అక్కడితో ఆగిపోయాడు.

మా వైపు పదహారు వేలు అడిగాం, అమ్మాయికి పది, పిల్లాడికి ఆరు.

అల్లుడి అఫిడవిట్ వచ్చింది. వ్యవసాయ కూలీనని, నెలకు ఆరు వేలు ఆదాయమని రాశాడు. ఆ తీర్పులో రైతులకు వేరే నమూనా ఉందని అప్పుడు తెలిసింది. పొలం ఎంత, మాగాణా మెట్టా, ఏ పంట, మూడేళ్ల ఆదాయం, కౌలుకు తీసుకున్నది ఉందా, గేదెలు గొర్రెలు ఉన్నాయా, వ్యవసాయ సహకార అప్పు ఉందా అని వరుసగా అడుగుతుంది. అతను ఉద్యోగులు నింపే నమూనా నింపి ఇచ్చాడు, అందులో పొలం సంగతి దాటిపోయింది. లాయరమ్మ ఆ రైతుల నమూనా ఇవ్వమని కోర్టును కోరింది. మీభూమి అనే భూమి రికార్డుల వెబ్‌సైటు నుంచి అడంగల్, 1బి కాగితాలు మేమే తీసి ఇచ్చాం.

పొగాకు గురించి మా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతాను. వర్జీనియా పొగాకు ఎవరికి పడితే వాళ్లకు అమ్మే పంట కాదు. పొగాకు బోర్డులో రైతు పేరు, బ్యారన్ రిజిస్టరు అయి ఉండాలి. బేళ్లు టంగుటూరు, కొండపి, ఒంగోలు లాంటి చోట్ల బోర్డు వేలం కేంద్రాలకు తీసుకెళ్లి అమ్మాలి. డబ్బు బ్యాంకు ఖాతాకే వస్తుంది. కూలీ అని రాసినవాడి పేరు మీద బ్యారన్ ఉంది. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అని లాయరమ్మ అడిగితే నాకు తెలియదు. అమ్మాయికి తెలుసు. వేలం అయ్యాక పాస్‌బుక్ ఎంట్రీ వేయించడానికి ప్రతి ఏడాదీ ఆమే వెళ్లేదట. మూడేళ్ల స్టేట్‌మెంట్ తెప్పించమని పిటిషన్ వేశారు.

అతనికి న్యాయం చేయాలి గనక ఇది కూడా రాస్తున్నాను. స్టేట్‌మెంట్‌లో పడిన డబ్బు అంతా ఆదాయం కాదు. నారు, ఎరువు, పుల్లలు, కూలీలు, కౌలు, బ్యారన్ మరమ్మతు అన్నీ పోవాలి. ధర పడిపోయిన ఏడాది రైతు ఎట్లా కుంగిపోతాడో ఈ చుట్టుపక్కల పుట్టినవాడిగా నాకు తెలుసు. లాయరమ్మతో ఆ మాటే అన్నాను. ఆమె, ‘ఖర్చులు చెప్పుకోనివ్వండి, బిల్లులు పెట్టనివ్వండి, తీసేద్దాం. ముందు కూలీని కాదు రైతునని ఒప్పుకోవాలి గదా’ అంది. నాకు ఆ పద్ధతి నచ్చింది. అబద్ధానికి అబద్ధంతో జవాబు ఇవ్వలేదు.

జీతంలో పాతిక శాతం వస్తుందని చాలామంది చెబుతారు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం సబబు అన్న మాట నిజమే, కానీ అది అన్ని కేసులకూ కొలబద్ద కాదు. ఇద్దరి స్థితి, అవసరాలు, ఆదాయం, పిల్లలు, భర్త మీద ఆధారపడిన తల్లిదండ్రులు, ఇవన్నీ చూసి జడ్జి నిర్ణయిస్తారు. రైతుకు జీతమే లేదు, పాతిక శాతం దేనిలో తీస్తారు?

2024 అక్టోబరులో మధ్యంతర ఆర్డరు వచ్చింది. అమ్మాయికి 6,500, పిల్లాడికి 4,500. మొత్తం 11,000, ఫిబ్రవరిలో పిటిషన్ వేసిన తేదీ నుంచి. అంటే ఆర్డరు వచ్చే నాటికి ఎనిమిది నెలల బాకీ 88,000 ఉంది. నోటీసు అందిన అరవై రోజుల్లో సాధ్యమైనంత వరకు మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టం. మాకు ఎనిమిది నెలలు పట్టింది. నోటీసే రెండుసార్లు తిరిగి వచ్చింది, ఇంట్లో లేడని. ఆ ఎనిమిది నెలల టెన్షన్ గురించి ఎక్కువ రాయను. వాయిదా అంటే పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని బస్సెక్కడం, సాయంత్రం ఇంకో తేదీ పట్టుకుని రావడం.

ఆర్డరు చేతికి వస్తే డబ్బు చేతికి వచ్చినట్టు కాదు. అల్లుడు మూడు నెలలు డబ్బు వేశాడు, తర్వాత ఆపేశాడు. బాకీ వసూలుకు మళ్లీ పిటిషన్ వేయాలి. ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవలసింది ఒకటి ఉంది. ఏ నెల డబ్బు బాకీ పడిందో, ఆ తేదీ నుంచి ఏడాది లోపల వసూలు పిటిషన్ వేయాలి. లేకపోతే ఆ నెలకు 125 కింద వారెంటు రాదు. ‘ఎప్పుడో ఒకసారి మొత్తం కలిపి అడుగుదాంలే’ అని రెండేళ్లు ఊరుకున్నవాళ్లను కోర్టు వరండాలో చూశాను. బాకీ కట్టకపోతే నెల బాకీకి నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకు వెళ్లొచ్చినా బాకీ అలాగే ఉంటుంది, మాఫీ కాదు. 2025 మార్చిలో వేశాం. వారెంటు దాకా వచ్చింది. మే నెలలో మొత్తం కట్టాడు. అతను జైలుకు వెళ్లాలని మా ఇంట్లో ఎవరూ కోరుకోలేదు. మనవడికి తండ్రి అతనే.

ఈ రెండో పిటిషన్‌కు కూడా మా దగ్గర ఫీజు తీసుకోలేదు. కోర్టు ఖర్చులు కూడా సంస్థే చూసుకుంది. ప్యానెల్ లాయర్లు కక్షిదారుల దగ్గర డబ్బు తీసుకోకూడదు. సంక్రాంతికి నేను చీర, పండ్లు తీసుకెళ్తే లాయరమ్మ పండ్లు అక్కడున్న వాళ్లందరికీ పంచి చీర తిరిగి ఇచ్చేసింది. మాకు అయిందల్లా జిరాక్సులు, బస్సు చార్జీలు, అమ్మాయి మిషన్ దగ్గర పోయిన పనిరోజులు.

బాకీ కట్టాక, అవతలి వైపు నుంచి కబురు వచ్చింది. ఆరు లక్షలు ఒకేసారి ఇస్తాం, పిల్లాడితో సహా ఇక ఏమీ అడగొద్దు, ఇద్దరూ కలిసి విడాకులు తీసుకుందాం. అప్పటికి అమ్మాయి కూడా విడాకులకు మనసు గట్టి చేసుకుంది. ఆరు లక్షలు ఒక్కసారిగా చూస్తే పెద్ద మొత్తమే. లాయరమ్మ నా నోట్‌బుక్ అడిగి, ‘బాబాయ్ గారూ, మీరే లెక్క కట్టండి’ అంది. పిల్లాడికి ఏడేళ్లు. పద్దెనిమిది నిండడానికి పదకొండు. నెలకు 4,500 అంటే ఏడాదికి 54,000. పదకొండేళ్లకు 5,94,000. ఆరు లక్షల్లో అది తీసేస్తే మిగిలింది ఆరు వేలు. ఏడేళ్ల కాపురానికి, ముందున్న బతుకంతటికీ మా అమ్మాయి వాటా ఆరు వేల రూపాయలు. నేను పెన్ను కింద పెట్టేశాను.

ఇంకో మాట కూడా చెప్పింది. తల్లి తన మనోవర్తి వదులుకోవచ్చు, పిల్లాడి హక్కు ఆమె చేతిలో వదులుకునేది కాదు. కాబట్టి రెండూ కలిపి ఒకే అంకె చెప్పినప్పుడు విడదీసి చూడాలి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు ఉండదు, తొందరగా అవుతుంది, కానీ అక్కడ ఇచ్చిన అవార్డు మీద అప్పీలు లేదు, సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదవండి అంది. మేము మధ్యవర్తిత్వంలో మూడుసార్లు కూర్చున్నాం. చివరికి అమ్మాయికి తొమ్మిది లక్షలు రెండు డీడీలుగా, పిల్లాడికి నెలకు 4,500, ఏటా ఐదు వందలు పెంచుతూ పిల్లాడి పేరున తెరిచిన ఖాతాలో. ఆ తొమ్మిది లక్షల్లో అల్లుడు పొలం కుదువ పెట్టిన డబ్బు ఉందని తెలుసు. తక్కువ అన్నవాళ్లు ఉన్నారు, ఎక్కువ అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె సరే అంది, అది చాలు.

ఇద్దరూ కలిసి వేసే విడాకుల పిటిషన్ హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్. కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. మొదటిసారి వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ కోర్టుకు వచ్చి, మా మాట ఇదే అని చెప్పాలి. ఆ ఆరు నెలలు కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ మేము అడగలేదు. మొదటి డీడీ మొదటి రోజు, రెండో డీడీ రెండో రోజు, జడ్జి ముందు. ‘రెండో డీడీ చేతిలో చూడకుండా రెండో సంతకం పెట్టొద్దు’ అని లాయరమ్మ మూడుసార్లు చెప్పింది. 2025 జూలైలో మొదటిది, 2026 జనవరిలో రెండోది. అయిపోయింది.

ఈ సేవ ఎవరికి సరిపోతుందని అడిగితే, భర్త ఆదాయం దాస్తున్నాడని తెలిసినా ఎలా చూపాలో తెలియని వాళ్లకు, పెద్దమనుషుల కాగితం మీద సంతకం పెట్టమని ఒత్తిడి పడుతున్న వాళ్లకు ముందుగా చెబుతాను. ఆ కాగితం తీసుకుని సంతకానికి ముందు వెళ్లండి, తర్వాత కాదు. నెలలో విడాకులు, కోటి రూపాయలు అనే మాటలు అక్కడ వినబడవు. ఆ మాటలు కావాలనుకుంటే బయట చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల చేతిలో ఏడు నెలలు పోయిన ఇల్లు మాది. అక్కడికి వెళ్లినా మన పని మనం చేయాలి. ఖర్చు రాసి పెట్టుకోవాలి, భర్త ఖాతా ఏ బ్యాంకులో ఉందో, పొలం సర్వే నంబరు ఎంతో, బ్యారన్ ఎవరి పేరు మీద ఉందో గుర్తు తెచ్చుకోవాలి. అమ్మాయి వెంట వెళ్లిన తండ్రులు, అన్నలు కాసేపు బయట కూర్చోమంటే కూర్చోవాలి.

మా పక్క వీధిలో ఒక అమ్మాయి ఉంది. పొగాకు గ్రేడింగ్‌కు వెళ్తుంది, ఇద్దరు ఆడపిల్లలు. భర్త వదిలేసి నాలుగేళ్లయింది. పోయిన సోమవారం ఆమెను తీసుకెళ్లాను. శుభలేఖ లేదు, పెళ్లి ఫోటోలు వర్షానికి తడిసి పోయాయట. రేషన్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఉంది. అవి చాలు, దరఖాస్తు రాయండి అన్నారు. ఆమెకు రాయడం రాదు. నేను కాగితం తీసుకోబోతే అక్కడి ఉద్యోగి, ‘ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి సార్, మీ మాటలు కలపొద్దు’ అన్నాడు. ఆమె చెప్పింది, నేను రాశాను. గురువారం మళ్లీ రమ్మన్నారు.